వెలుగు చేసే మందుబిళ్ళ

మా అమ్మగారికి డాక్టరుగారు రక్తపోటు మాత్ర రోజుకు అర చొప్పున వేసుకోమన్నారు. ఆ అరను సంపాదించడం మా యింట్లో ప్రతి ఉదయం ఒక ప్రహసనం. కూరలు తరిగే కత్తి పెట్టి నొక్కితే ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది, మధ్య చిటికెడు పొడి. "పెద్దది ఇవాళ, చిన్నది రేపు వేసుకుంటాలేరా, రెండూ కలిస్తే ఒకటే గదా!" అంటుంది అమ్మ. లెక్క సరిపోతుంది. రక్తపోటుకు ఆ లెక్క తెలియదే!

పూర్వపు వైద్యులకు ఈ చిక్కు లేదు. నాడి చూసి, కల్వంలో మందు నూరి, పెద్దవాడికి శనగగింజంత, పసివాడికి మిరియపుగింజంత ఉండ కట్టి యిచ్చేవారు. ఫ్యాక్టరీలు వచ్చాక మందు చౌక అయింది, కొలత ఖచ్చితమైంది. కాని ఆ కొలత మనిషిని బట్టి కాదు, అచ్చును బట్టి. ఒక్క మనిషి కోసం వేరే అచ్చు చేయిస్తే ఫ్యాక్టరీకి గిట్టుబాటు కాదు.

అచ్చు అవసరం లేకుండా, వెలుగుతోనే మాత్ర తయారు చేయవచ్చునని 2016లో లండనులోని యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు చూపించారు. ఇదేమి ఇంద్రజాలం అనుకోకండి. పిప్పిపన్ను పూడ్పించుకున్నవారికి ఇది అనుభవమే. డాక్టరు పంటిగుంటలో మెత్తని ముద్ద పెట్టి నీలి దీపం చూపితే క్షణాలలో రాయి అవుతుంది. కొన్ని రసాయనాలకు వెలుగు తగిలితే గొలుసులుగా అల్లుకొని గట్టిపడే గుణం ఉన్నది. ఈ గుణంతోనే వస్తువులను పొరపొరగా కట్టే యంత్రానికి అమెరికాలో చార్లెస్ హల్ 1986లో పేటెంటు పొందాడు. తొట్టెలో ద్రవం ఉంటుంది. లేసరు కిరణం అందులో ముగ్గు వేసినట్లు తిరుగుతుంది. తిరిగినంత మేర పలచని పొర గట్టిపడుతుంది. దానిమీద మరొక పొర. లండను వారు ఆ ద్రవంలో మందు కలిపారు. కలిపినవాటిలో మనమెరిగిన పారాసిటమాల్ ఒకటి.

మందు ఎంత కావాలంటే బిళ్ళను అంత చేయమని కంప్యూటరుకు చెబితే చాలు. ఆకారమూ మన యిష్టమే. మధ్య చిల్లుతో గారెలాగా కూడా చేస్తున్నారు. ఇది వేడుక కోసం కాదు. అదే పరిమాణంలో పైతలం పెరిగితే మందు త్వరగా బయటికి వస్తుంది. 2022 నాటికి పొరల గొడవ కూడా లేకుండా, వేర్వేరు కోణాల నుంచి ఒకేసారి వెలుగు పంపి, పారాసిటమాల్ బిళ్ళను 7 నుంచి 17 సెకండ్లలో చేశారు. కాఫీ కలిపే వ్యవధి కూడా కాదు!

మరి మన ఊరి మందులషాపుకు ఎందుకు రాలేదంటారా? దానికొక కథ ఉన్నది. రక్తపోటు రోగులు మూడు నాలుగు రకాలు మింగుతుంటారు. వాటినన్నిటినీ పొరలుగా ఒకే బిళ్ళలో ఇమిడ్చే ప్రయత్నం ఒకటి జరిగింది. ఇర్బెసార్టాన్, అటెనలాల్, హైడ్రోక్లోరోథయజైడ్, ఆమ్లోడిపైన్ — నాలుగు మందులు. బిళ్ళ ముచ్చటగా వచ్చింది. తీరా పరీక్షిస్తే, ఆమ్లోడిపైన్ గట్టిపడవలసిన ఆ ద్రవంతోనే రసాయనికంగా కలిసిపోయి వేరే పదార్థమై కూర్చున్నది. పందిరి వేయవచ్చినవాడు పెళ్ళికూతురిని లేవదీసుకుపోయినట్లయింది! దాచకుండా 2020లో ఆ సంగతి ప్రచురించారు. ఆ నిజాయితీకి నమస్కరించాలి.

ఇంకొక భయం, గట్టిపడకుండా మిగిలిన ద్రవం కడుపులోకి పోతే? ఈ ద్రవాలు పుట్టింది వస్తువులు చేయడానికి, మింగడానికి కాదు. 2015లో అమెరికా ప్రభుత్వం అనుమతించిన స్ప్రిటాం అనే మూర్ఛమందు కూడా పొరపొరగా కట్టినదే గాని, అందులో వెలుగు ప్రసక్తి లేదు; పొడిని ద్రవంతో అంటిస్తారు.

మా అమ్మ వేసుకొనే అర మాత్ర ఆ పెళ్ళికూతురే, ఆమ్లోడిపైన్! ఈ కథంతా ఆవిడకు చెప్పాను. శ్రద్ధగా విని, "గారెలాగా ఉంటుందన్నావు గదా, మధ్య చిల్లుంటే సగానికి విరవడం తేలికేలే," అన్నది.