కాఫీలో మానిన చక్కెర

నాకు మధుమేహం ఉన్నదని తేలిన సాయంత్రమే కాఫీలో చక్కెర మానేశాను. ఇంటిల్లిపాదీ నా నిగ్రహానికి మెచ్చుకున్నారు. పెళ్ళి భోజనంలో బొబ్బట్టు వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆరు నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ 7.9 నుంచి 8.6కి ఎక్కి కూర్చుంది! గడచిన రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎట్లా ఉన్నదో చెప్పే పరీక్ష ఇది. మనలో చాలామందికి 7 లోపు ఉండటం మంచిదంటారు.

డాక్టరుగారు నా రోజంతా తిండి చెప్పమన్నారు. పొద్దున నాలుగు ఇడ్లీలు. మధ్యాహ్నం పప్పన్నం, పులుసన్నం, చారన్నం, చివర పెరుగన్నం. రాత్రి మళ్ళీ అదే వరస. ఆయన నవ్వి, “మాష్టారూ, కాఫీలో రెండు చెంచాలు మానేసి కంచంలో ఇరవై చెంచాలు ఉంచుకున్నారే!” అన్నారు.

లెక్క వేస్తే ఆయన మాట నిజమే. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. పూటకు 150 గ్రాముల బియ్యం వండుకు తింటే అది 117 గ్రాములు. చెంచా చక్కెర 5 గ్రాములనుకుంటే ఇరవై మూడు చెంచాలన్నమాట. పిండిపదార్థమంటే గ్లూకోజు అణువుల గొలుసు. జీర్ణరసాలు ఆ గొలుసును తెంపగానే గ్లూకోజు రక్తంలోకి చేరుతుంది. నాలుకకు తీపి తగలకపోయినా రక్తానికి తెలిసిపోతుంది.

ఎంత తిన్నామన్నదే కాదు, అది ఎంత వేగంగా అరుగుతుందన్నదీ ముఖ్యమే. ఈ వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ అనే సూచికను 1981లో టొరంటోలో జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. తవుడు పోయిన తెల్లబియ్యం త్వరగా అరుగుతుంది. పీచు, మాంసకృత్తులు తోడైతే ఆ వేగం తగ్గుతుంది.

ఇక మన ఇళ్ళలో వినపడే సలహాలు. “అన్నం మాని చపాతీ తినండి.” గోధుమపిండిలోనూ నూటికి 65 గ్రాముల దాకా పిండిపదార్థమే, పీచు ఎక్కువ కనుక కొంత మేలు. రెండైతే సరేగాని, లెక్కపెట్టకుండా ఆరు తింటే ఏం లాభం? రాగులదీ ఇంచుమించు అదే లెక్క. పైగా పలచటి జావ కాచి తాగితే తొందరగా అరుగుతుంది. బెల్లం, తేనె సంగతి చెప్పనే అక్కర్లేదు, అవీ చక్కెరే.

ఇప్పుడు నా కంచంలో సగం కూర: బీర, దొండ, గోరుచిక్కుడు, తోటకూర, ఏదైతేనేం. పావు వంతు పప్పో, గుడ్డో, చేపో. మిగిలిన పావు అన్నం. బంగాళాదుంప, కంద వండిన నాడు వాటినీ అన్నం వాటాలోనే జమకడతాను. ముందు కూర తిని తర్వాత అన్నం కలుపుకుంటాను. తిన్నాక పదిహేను నిమిషాలు నడుస్తాను. పండ్లరసం తాగను, జామకాయ కొరుక్కు తింటాను. మామిడిపండు మానలేదు, రెండు ముక్కలు తిన్న పూట అన్నం తగ్గిస్తాను.

అతి చేసి దెబ్బతిన్న సంగతి కూడా చెప్పాలి. కడుపు మాడ్చుకుంటే షుగరు ఇంకా దిగుతుందని ఒకనాడు మాత్ర వేసుకొని, భోజనం మానేసి పరీక్ష హాలుకు వెళ్ళాను. నా మాత్ర క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయించే రకం. మనం తిన్నామా లేదా అని అది చూడదు. గంట గడిచేసరికి ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. కళ్ళముందు అక్షరాలు అలుక్కుపోయాయి. ముందు బెంచీలోని కుర్రాడు పరీక్ష రాయడం ఆపి లేచి వచ్చాడు. “సార్, కూర్చోండి. ఇది నోట్లో వేసుకోండి” అంటూ జేబులోంచి గ్లూకోజు పొట్లం తీశాడు.

అతనికి పదకొండో ఏటి నుంచీ ఇన్సులిన్ సూదులేనట. హాస్టల్లో ఎవరికీ చెప్పలేదు. మెస్సు ఆలస్యమైన రోజుల్లో జేబులోని ఆ పొట్లమే అతనికి దిక్కు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఇటువంటి పిల్లలకు ఆకలితో మాడ్చడం తప్ప వైద్యం లేదు. ఇప్పుడు సూది ఉన్నది కాని, సూదికి తగిన వేళకు, తగినంత తిండి ఉండాలి. నా కంచం కొలత అతనికి సరిపోదు; అతని కొలత అతని డాక్టరు చెప్పాల్సిందే.

అందరూ గుర్తుంచుకోవలసినది ఒకటి. చక్కెర 70 కంటె తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెరో గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాలాగి మళ్ళీ పరీక్షించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా ఆస్పత్రికి చేర్చాలి.

మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైనే అని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన సర్వే అంచనా. కనుక మన కాలేజీలోనూ చెప్పుకోలేనివాళ్ళు ఇంకా ఉండే ఉంటారు. విద్యార్థి సంఘం వారికి నా మనవి ఒక్కటే: మెస్సులో భోజనం వేళ తప్పకుండా చూడండి, వడ్డనలో కూర గరిటె పెద్దది చేయండి. స్నేహితుడు అన్నం చాలన్నప్పుడు “ఒక్క పూటకేం కాదురా” అని మొహమాటపెట్టకండి. ఆ కుర్రాడు ఇప్పుడు తన సంగతి గది స్నేహితులకు చెప్పాడు. వాళ్ళ జేబుల్లోనూ ఒక్కో గ్లూకోజు పొట్లం ఉంటున్నది.