మూర్ఛ వచ్చిన బిడ్డను దాచవద్దు

ఆదివారం ఆరాధన జరుగుతుండగా ఒక పాప కాళ్లు చేతులు కొట్టుకుంటూ పడిపోయిందనుకోండి. ఒకరు తాళపుచెవులు చేతిలో పెడతారు. ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తారు. వెనుక నుండి ఎవరో "గాలి సోకింది" అంటారు. మరుసటి వారం ఆ తల్లి పాపను గుడికి తీసుకురాదు, బడి కూడా మానిపిస్తుంది. మన పల్లెలలో మూర్ఛ ఈ విధంగానే దాగిపోతున్నది.

మూర్ఛ దయ్యం కాదు, శాపం కాదు, అంటువ్యాధీ కాదు. మెదడులోని విద్యుత్ ప్రసారం కొద్దిసేపు అదుపు తప్పడం వలన వచ్చే జబ్బు. ప్రపంచంలో సుమారు 5 కోట్లమందికి ఇది ఉన్నది. వారిలో ఇంచుమించు 80 శాతం పేద, మధ్యతరగతి దేశాలవారే.

పేదలకే ఎందుకు ఎక్కువ? కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోవడం, మెదడువాపు, మెదడుకు సోకిన మలేరియా, తలకు తగిలిన దెబ్బ, ఇవన్నీ కారణాలే. మరొకటి బద్దెపురుగు. అది కడుపులో ఉన్న మనిషి ఆరుబయటకు వెళితే, దాని గుడ్లు నీటిలో, ఆకుకూరలలో చేరి, నోటి ద్వారా లోపలికి పోయి, మెదడులో తిత్తులు కడతాయి. పందిమాంసం ముట్టనివారికి కూడా ఇది రావచ్చు. కనుక ఆసుపత్రిలో కాన్పు, ఇంటికో మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడగడం మూర్ఛకు అడ్డుకంచెలు.

సరైన మందు క్రమంగా వాడితే 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. 1912 నుండి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ నేటికీ చౌకైన మందే. అయినను పేద దేశాలలో నలుగురిలో ముగ్గురికి చికిత్స అందడం లేదు. మాత్ర కంటె బస్సు చార్జీ, పోయిన కూలి బరువవుతాయి. రెండు నెలలు ఫిట్స్ రాకపోతే నయమైందని మానేసేవారూ ఉన్నారు. అది ప్రమాదం. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక, డాక్టరు చెబితేనే, మెల్లగా తగ్గించాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు తల కింద మెత్తని గుడ్డ పెట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోటిలో ఏమీ పెట్టవద్దు. గట్టిగా పట్టుకోవద్దు. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చేయండి.

పెళ్లి కాదన్న భయంతో జబ్బును దాచవద్దు. 1999లోనే హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టాల నుండి మూర్ఛ అన్న అభ్యంతరాన్ని తొలగించారు.

ప్రియులారా, మేము కోరేది ఒక్కటే. ప్రార్థన చేద్దాం, మాత్ర కూడా మానకుండా వేయిద్దాం. ఈసారి పట్నం వెళ్లేటప్పుడు ఆ తల్లిని, పాపను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వెళదాం.