కళాకారులే కట్టిన బడులు

ఆఫ్రికా సమకాలీన కళ అంటే, పాశ్చాత్య మ్యూజియంలు చాలాకాలంగా అద్దాల బీరువాల్లో పెట్టి చూపిన ముసుగులూ కొయ్యబొమ్మలూ కావు. వలసపాలన ముగిసిన తర్వాతి తరాలు తమ నగరాలనూ చరిత్రనూ శ్రమనూ ముడిసరుకుగా తీసుకుని సృష్టిస్తున్న చిత్రాలు, శిల్పాలు, వీడియోలు, ఒక గదినో భవనాన్నో మొత్తంగా కళాకృతిగా మలిచే స్థాపన కళ, ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఖండంలోని 54 దేశాలను సూచిస్తూ తురియా ఎల్ గ్లావి 2013లో లండన్‌లో ప్రారంభించిన ‘1-54’ కళా ప్రదర్శన విపణి, 2017లో కేప్‌టౌన్‌లోని పాత ధాన్యాగారంలో వెలసిన జైట్స్ మ్యూజియం ఈ కళను ప్రపంచం దృష్టికి తెచ్చాయి. అయితే పేరు రావడం వేరు, కళాకారులు తయారుకావడం వేరు. లాగోస్‌లోనో ఘనాలోని తమాలేలోనో ఉన్న యువతి ఎక్కడ నేర్చుకోవాలి, ఎవరితో వాదించాలి, తొలి ప్రదర్శన ఎక్కడ పెట్టుకోవాలి అన్న ప్రశ్నలకు లండన్ సమాధానం చెప్పలేదు. ఆ సమాధానాన్ని ఎక్కువగా కళాకారులూ అధ్యాపకులే తమ ఊళ్లలో వెతికి పట్టుకున్నారు.

ఈ వెతుకులాటకు మూలాలు పాతవే. నైజీరియాలోని జరియా కళాశాలలో ఐరోపా పద్ధతిలో సాగిన బోధనతో తృప్తిపడని ఉచే ఒకేకే, డెమాస్ న్వోకో, బ్రూస్ ఒనోబ్రాక్‌పెయా తదితర విద్యార్థులు 1958లో ఒక సంఘంగా ఏర్పడి, బయటి నుంచి వచ్చినదాన్ని గుడ్డిగా అనుకరించకుండా, సొంతదాన్ని వదులుకోకుండా రెంటినీ కలుపుకోవాలన్న ‘సహజ సమన్వయ’ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. ఇగ్బో స్త్రీలు ఒంటిమీదా ఇంటి గోడలమీదా గీసుకునే ‘ఉలి’ రేఖలను ఒకేకే తర్వాత న్సుక్కా విశ్వవిద్యాలయంలో పాఠంగా మార్చారు. 1975లో అదే విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరిన ఘనా శిల్పి ఎల్ అనాట్సుయి, పారేసిన మద్యం సీసాల మూతలను చదును చేసి, మడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కుట్టి గోడలంత తెరలుగా మలిచారు. 2015లో వెనిస్ బియెనాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళోత్సవం, ఆయనకు జీవన సాఫల్య పురస్కారం ఇచ్చింది.

ఘనాలోని కుమాసిలో క్వామే న్‌క్రుమా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ శతాబ్దం ఆరంభంలో వచ్చిన మార్పు మరింత మౌలికమైనది. కారికాచా సెయిదూ అనే అధ్యాపకుడు, కాన్వాసు మీద నైపుణ్యానికే పరిమితమైన చదువును పక్కకు నెట్టి, విద్యార్థులు తమ ప్రదర్శనలను తరగతి గది నుంచి నగరంలోకి తీసుకువెళ్లేలా ప్రోత్సహించారు; కళను సరుకుగా కాక కానుకగా చూడాలన్నది ఆయన బోధనకు ఆయువుపట్టు. అమ్ముకోవడమే గెలుపని అందరూ చెబుతున్న కాలంలో ఒక గురువు ఈ మాట అనడమూ, శిష్యులు దాన్ని నిజంగానే పాటించడమూ అరుదైన సంగతి.

ఆ శిష్యుల్లో 1987లో తమాలేలో పుట్టిన ఇబ్రహీం మహామా ఒకరు. ఆయన ఎంచుకున్న ముడిసరుకు గోనెసంచి. భారత్, బంగ్లాదేశ్ వంటి దక్షిణాసియా దేశాల్లో తయారై కోకో గింజల ఎగుమతి కోసం ఘనాకు చేరే ఈ సంచులు, ఆ పని తీరాక మొక్కజొన్నలకూ చివరికి బొగ్గులకూ ఉపయోగపడతాయి. మహామా కొత్త సంచులిచ్చి పాతవాటిని మార్చుకుంటారు. దగ్గరగా చూస్తే ఒక్కో సంచి మీదా ఎగుమతి ముద్ర, దాని మీద వ్యాపారి రాసుకున్న గుర్తులు, బొగ్గుమసి, చిరిగినచోట పడిన అతుకు కనిపిస్తాయి; ఒక వస్తువు ఎన్ని చేతులు మారిందో, ఎవరి వీపుల మీద ఎక్కిందో ఆ మరకలే చెబుతాయి. వీటిని పలువురు కూలీలతో కలిసి కుట్టి ఆయన భవనాలకు కప్పుతారు. 2015లో క్యురేటర్, అంటే కళాకృతులను ఎంచి ప్రదర్శనకు ఒక ఆలోచనను కూర్చే వ్యక్తి, ఒక్వీ ఎన్వేజర్ రూపొందించిన వెనిస్ ప్రదర్శనలో ఈ సంచులు ఒక పొడవాటి నడవ గోడలను నిలువునా కప్పేశాయి. 2024లో లండన్‌లోని బార్బికన్ భవనానికి కప్పిన దాదాపు 2,000 చదరపు మీటర్ల గులాబీ, ఊదా రంగుల వస్త్రాన్ని తమాలే పరిసరాల నేతగాళ్లే మగ్గాల మీద నేశారు.

ఇంతకన్నా ముఖ్యమైన విషయం, ఇలా వచ్చిన ఆదాయాన్ని ఆయన పెట్టిన చోటు. 2019లో తమాలేలో సవానా సమకాలీన కళాకేంద్రాన్ని తెరిచినప్పుడు అందులో తొలి ప్రదర్శనగా పెట్టినవి ఆయన సొంత కృతులు కావు, గాలే విన్‌స్టన్ కోఫీ డాసన్ అనే పెద్దతరం చిత్రకారుడి జీవితకాల కృషి. ఆ తర్వాత ఊరి వెలుపల ‘రెడ్ క్లే’ అనే ఎర్రటి ఇటుకల ప్రాంగణం వెలిసింది. పనికిరాకుండా పోయిన విమానాలను తెచ్చి అక్కడ పిల్లల తరగతి గదులుగా మార్చారు. ఘనా తొలి అధ్యక్షుడు క్వామే న్‌క్రుమా కాలంలో మొదలై ఉపయోగంలోకి రాకుండానే మిగిలిన కాంక్రీటు ధాన్యాగారాన్ని కొని, 2021లో ‘న్‌క్రుమా వోలిని’ పేరుతో మూడో కేంద్రంగా తెరిచారు. దేశ రాజధాని అక్రాకు వందల కిలోమీటర్ల దూరంలో, ఉత్తరాదికి చెందిన పేద ప్రాంతంలో ఇవన్నీ ఉండటమే వాటి అసలు బలం: కళ చూడటానికి ఊరు విడవాల్సిన అవసరం అక్కడి బడిపిల్లలకు ఇక లేదు.

కళాకారులను తయారుచేసే పనిని విపణి ఒక్కటే చేయలేదనడానికి 2020 నాటి వేలం ఒకటి చాలు. ఘనా చిత్రకారుడు అమోవాకో బోవాఫో చిత్రం ఒకటి 50,000 పౌండ్ల లోపే పలుకుతుందనుకుంటే లండన్‌లో 6,75,000 పౌండ్లకు అమ్ముడైంది. కానీ ఇలాంటి మలివిడత అమ్మకాల్లో లాభం ప్రధానంగా అంతకుముందు కొనుక్కున్నవారిదే. బోవాఫో కూడా ఆ తర్వాత అక్రాలో ఇతర కళాకారుల కోసం స్టూడియోలు నెలకొల్పారు.

గోడలు ఉంటే సరిపోదని ముందుగానే గుర్తించిన వ్యక్తి బిసి సిల్వా. కళాకృతిని చదవగలిగినవారు, దాని గురించి రాయగలిగినవారు లేకపోతే ఖండం కళకు అర్థం చెప్పే అధికారం బయటివారి చేతుల్లోనే ఉండిపోతుందని ఆమె భావించారు. 2007లో లాగోస్‌లో స్థాపించిన సమకాలీన కళాకేంద్రానికి ఒక గ్రంథాలయాన్ని గుండెకాయగా నిలిపి, 2010 నుంచి ‘ఆసికో’ అనే సంచార పాఠశాలను నడిపారు. లాగోస్, అక్రా, డాకర్, మపుటో, అడిస్ అబాబా నగరాల్లో ఒక్కోసారి ఒక్కోచోట, వారాల తరబడి సాగిన ఆ పాఠశాలలో యువ కళాకారులూ క్యురేటర్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకరి పనిని ఒకరు నిర్దాక్షిణ్యంగా విమర్శించుకునేవారు. ఆమె 2019లో మరణించినా, అక్కడ కలిసి చదువుకున్నవారి మధ్య ఏర్పడిన బంధం ఖండమంతటా మిగిలింది.

ఒక వ్యక్తి సంపాదన మీదా, ఒక వ్యక్తి పట్టుదల మీదా ఇన్ని సంస్థలు ఆధారపడటం ఆందోళన కలిగించే విషయమే. ఆ భారాన్ని ప్రభుత్వాలూ పంచుకోగలవనడానికి బెనిన్ ప్రభుత్వం వేసిన అడుగు గమనించదగినది. ఫ్రాన్స్ 2021లో తిరిగి అప్పగించిన 26 రాజకళాఖండాలను మరుసటి ఏడాది కొటోనూలో అధ్యక్ష భవనంలోనే ప్రజలకు చూపినప్పుడు, వాటి పక్కనే దేశంలోని, ప్రవాసంలోని నేటి కళాకారుల కృతులనూ నిలిపింది. 2024లో తొలిసారిగా వెనిస్‌లో సొంత జాతీయ ప్రదర్శనశాలను ఏర్పాటు చేసి అందులో తన కళాకారులను నిలబెట్టింది.