దాసుగారి ఊరివాళ్లు

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ‘మావాడు టాటాలో ఉన్నాడు’ అంటే ఇంకేమీ అడగక్కర్లేదు. టాటా అంటే కంపెనీ, టాటా అంటే ఊరు కూడా. 1907లో టిస్కో పుట్టింది. 1912లో తొలి ఉక్కు వచ్చింది. 1919 జనవరి 2న వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ సాక్చికి వచ్చి దానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టి వెళ్లాడు. ఉత్తరాంధ్ర నుంచి బండెక్కి, ఖరగ్‌పూర్ మీదుగా మనవాళ్లు ఆ కొలిముల దగ్గరికి చేరారు. క్వార్టర్లలో కాపురాలు పెట్టారు, బిష్టుపూర్‌లో రాముడికి గుడి కట్టుకున్నారు.

అదే 1919 ఫిబ్రవరిలో, వాళ్లు వదిలొచ్చిన విజయనగరంలో ఒక సంగీత పాఠశాల తెరుచుకుంది. సంస్థానంలో పనిచేసే చాగంటి జోగారావు కొడుకు గంగబాబుకు చూపు లేదు. పిల్లాడికి సంగీతం నేర్పించే దారి చూపమని తండ్రి అడిగితే, మహారాజా విజయరామ గజపతి ఒక్క గురువును కుదిర్చి ఊరుకోలేదు, ఏకంగా కాలేజీయే పెట్టేశాడు. దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథకుడు ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు 1936లో ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. ఘంటసాల చదివిందీ అక్కడే.

దాసుగారు 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. చిన్నప్పుడు పుస్తకాల కొట్టులో భాగవతం కావాలని మారాం చేస్తే, కొట్టువాడు ‘నీకెందుకురా’ అన్నాడట. పిల్లాడు పద్యాలు అప్పజెప్పేసరికి పుస్తకం ఊరికే ఇచ్చాడని చెబుతారు. మద్రాసు నుంచి వచ్చిన కుప్పుస్వామి నాయుడి హరికథ విన్నాక ఆయనకు తన దారి దొరికింది. 1883లో, పందొమ్మిదో ఏట, ‘ధ్రువచరిత్ర’ రాసి తానే చెప్పారు. ఆ తర్వాత అంబరీషుడు, గజేంద్రుడు, రుక్మిణి, సావిత్రి, భీష్ముడు, హరిశ్చంద్రుడు వరసగా ఆయన కాలి గజ్జెల్లోకి వచ్చారు.

దాసుగారి పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది పంచముఖి: రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం, అయిదూ ఒకేసారి. లయబ్రహ్మ అన్నారు. అన్నవాళ్లు తప్పు అనలేదు గానీ, ఆ బిరుదు ఆయనకు కొంచెం అన్యాయమే చేసిందని నా అనుమానం. గారడీ చూసినట్టు ఆ విన్యాసం చూసి ఆశ్చర్యపోయి, చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోయాం. ‘దశవిధరాగ నవతికుసుమమంజరి’ కట్టిన వాగ్గేయకారుణ్ణి అక్కడే వదిలేశాం. పది రకాల రాగాల్లోంచి మొత్తం 90 ఏరి, ఒక్క అమ్మవారి స్తుతిలో గుచ్చిన రచన అది. ఒక రాగం నుంచి ఇంకో రాగంలోకి దిగేటప్పుడు కుదుపు తెలియకూడదు, మాటలు విరగకూడదు. రాగమాలిక పాడేవాళ్లకు నాలుగైదు రాగాలు దాటేసరికే చెమటలు పడతాయి. ఇంతటి పనిని మన కచేరీలు ఎంత తరచుగా తలుచుకుంటున్నాయో ఎవరికి వారే చూసుకోవచ్చు.

పండితుడంటే అలాంటిలాంటి పండితుడు కాదు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చాడు. ‘నవరస తరంగిణి’లో కాళిదాసును, షేక్‌స్పియర్‌ను పక్కపక్కన కూర్చోబెట్టాడు. ‘నా యెఱుక’ పేరుతో సొంత కథ రాసుకున్నాడు. ఇంత చదువూ గుడి ముందు చాప మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి రావాలంటే హరికథే దారి. అందుకే పట్టు పంచె, పూలదండ, చేతిలో చిడతలు, పక్కన వయొలిన్, మృదంగం. కీర్తన, పద్యం, మధ్యలో వచనం, సందు చూసి ఒక పిట్టకథ. తెర లేదు, వేషాలు లేవు. రాజు, రాణి, రాక్షసుడు, దూత, అందరూ ఒక్క మనిషే. షిఫ్టు దిగి వచ్చినవాడికి ఖర్చులేని నాటకం, శాస్త్రం తెలిసినవాడికి కచేరీ.

టాటాలో ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం తెలుగువాళ్లు ఉన్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో హిందీ, ఇంగ్లీషు. తెలుగు అక్షరం చదవలేని పిల్లలు తక్కువేమీ కాదు. పుస్తకంలోని దాసుగారు వాళ్లకు అందరు. చెవికి మాత్రం అందుతారు, ఎందుకంటే ఆయన రాసింది వినడానికే. అన్నిటికంటే దగ్గరి చుట్టరికం ఇంకొకటి ఉంది: చాలా ఇళ్లలో తాతమ్మలు మాట్లాడిన యాస ఆయన పుట్టిన నేల యాసే. అచ్చతెలుగు మీద ఆయనకున్న మమకారం హైదరాబాదు పిల్లాడి కంటే జంషెడ్‌పూర్ కద్మాలోని పిల్లాడికే త్వరగా తెలుస్తుందేమో, పెద్దవాళ్లు వినిపిస్తే.

1945 జనవరి 2న ఆయన పోయారు. జంషెడ్‌పూర్‌కు పేరు పెట్టిన తేదీ కూడా అదే. ఈ కలయికకు ప్రత్యేకించి అర్థమేమీ లేదు. గుడి కమిటీలకు మాత్రం సభ పెట్టడానికి ఒక సాకు దొరికినట్టే.

ఆ రోజు కుదరకపోతే ఇంకో సలహా. శ్రీరామనవమి పందిట్లో ఆర్కెస్ట్రాకు కేటాయించే రాత్రుల్లో ఒక్కటి తీసి, ‘యథార్థ రామాయణం’లోంచి ఒక ఘట్టం చెప్పించండి. విజయనగరం వైపు ఇప్పటికీ దాసుగారి బాణీ నేర్చినవాళ్లు ఉన్నారు, పిలిస్తే వస్తారు. సమయం చాలదని కీర్తనలు తగ్గించుకున్నా సరే గానీ, పిట్టకథ మాత్రం కత్తిరించకండి. వెనక వరసలో పిల్లలు నిద్రపోకుండా కూర్చునేది దానికోసమే.