టేపు ఎవరి చేతిలో ఉంటే..

‘పాలమూరు లేబర్’ అన్న మాట మీరూ వినే ఉంటారు. ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా మా జిల్లావాళ్లు ఉంటారని పేరు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మా ఊరు మహబూబ్‌నగర్ అయింది. కూలీలకు మాత్రం పాత పేరే మిగిలింది.

మా తాత, అవ్వ కూడా అట్ల పోయినవాళ్లే. ఆయన గడ్డపార ఇప్పటికీ ఇంట్లో ఉంది, మొన అరిగి పొట్టిదైపోయింది. ఆ పనికి కూలీ ఎట్ల కడతారో ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

మట్టిపనికి రోజుకింత అని ఉండేది కాదు. తవ్విన గుంతను కొలిచి డబ్బు కట్టేవారు. తవ్వేటప్పుడు మధ్యలో ఒక మట్టి దిమ్మెను ముట్టకుండా వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో చెప్పే సాక్ష్యం అదే. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, అడుగు లోతు తవ్వితే నూరు ఘనపుటడుగులు. మెత్తటి నేలకు ఒక రేటు, మొరానికి ఇంకో రేటు. మట్టిని ఎంత దూరం మోశారు, ఎంత ఎత్తు ఎక్కించారు అన్నదాన్ని బట్టి కూడా రేటు మారుతుంది. తాత తవ్వి తట్ట నింపితే, అవ్వ చుట్టబట్ట పెట్టుకుని మోసేది. మేస్త్రీ పుస్తకంలో పేరు మాత్రం తాతదే!

నేను చదివింది ఇంజినీరింగే కాబట్టి లెక్క రెండు నిమిషాల్లో అర్థమైంది. బడికి పోని తాతకూ అది నోటి లెక్కే. కానీ టేపు ఆయన చేతిలో లేదు. గుంపు మేస్త్రీ ముందే అడ్వాన్స్ ఇచ్చి తీసుకుపోయాడు కాబట్టి, కొలత తక్కువ వచ్చిందని గట్టిగా అడిగే ధైర్యమూ లేదు. అప్పు తీరేదాకా ఇంటికి రావడం కుదరదు మరి.

వలస కూలీల కోసం 1979లో కేంద్రం చట్టం చేసింది. రాష్ట్రం దాటి తీసుకుపోయే కూలీకి ఫొటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి, దారి ఖర్చులు కట్టాలి అని అందులో ఉండేది. మా ఇంట్లో అట్లాంటి పుస్తకం చూసినవాళ్లు లేరు.

ఇంకో సంగతి. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది పాలమూరు నేల మీదే. పక్క నల్లగొండలో నాగార్జునసాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగితే, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. మా దగ్గర జూరాలకు శంకుస్థాపన జరిగిందే 1981లో. ఊళ్లకు ఊళ్లు బయటికి పోయి కాలువలు ఎందుకు తవ్వాయో ఇంతకంటే చెప్పాలా?

మొన్న మా ఆఫీసు పక్కన కొత్త బిల్డింగ్‌కు పునాది తీస్తున్నారు. తవ్వేది ప్రొక్లెయినరే. మూలలు సరిచేయడానికి మాత్రం పారలతో నలుగురు దిగారు. ఏ ఊరంటే, ‘‘కోస్గి దిక్కు’’ అన్నారు. ఇప్పుడు గుంత కొలవరంట, దినకూలీయేనంట.

‘‘మరి అడ్వాన్స్?’’ అని అడిగాను.

‘‘అది లేకుంటే ఎట్లొస్తం సార్?’’ అన్నాడు మా నాయిన వయసున్న ఒకాయన.