పదసూచికా నిర్మాణమున ఎస్.క్యూ.లైట్ వినియోగము

కావ్యమునకు పదసూచిక కూర్చువారు ఒక్కొక్క పదమును ఒక్కొక్క చీటిపై వ్రాసి, ఆశ్వాస పద్య సంఖ్యలను చేర్చి, అకారాదిగా పేర్చుట పూర్వపు వాడుక. ఇప్పుడు పలువురు ఎక్సెల్ పట్టికల నాశ్రయించుచున్నారు. ఈ పనికి అంతకంటె అనువైన సాధన మొకటి కలదు. అది రిచర్డ్ హిప్ 2000లో వెలువరించిన ఎస్.క్యూ.లైట్ అను దత్తాంశనిధి. దీనికి వేరుగా సర్వరు అక్కరలేదు. సూచిక యంతయు ఒక్క ఫైలులో నిముడును. 2006లో వచ్చిన 2.5 కూర్పు మొదలుకొని పైథాన్ భాషతోడనే యిది లభించుచున్నది.

పదము, ఆశ్వాసము, పద్యసంఖ్య, పాఠాంతరము అను నాలుగు గడులతో పట్టిక నేర్పరచిన చాలును. పదములను ఆజ్ఞావాక్యములో నేరుగా అతికింపక, వాని స్థానమున ప్రశ్నార్థక చిహ్నముల నుంచి విడిగా అందించుట మేలు. కమిట్ చేయక మూసినచో అంతవరకు చేర్చినది నిలువదు.

చిక్కంతయు అకారాదిక్రమమున నున్నది. ఈ సాధనము అక్షరముల నెరుగదు. వాని సంకేతముల బైట్లను మాత్రమే పోల్చును. యూనికోడునందు ళకారము లకారమును, ఱకారము రేఫను వెన్నంటి యున్నవి. మన వర్ణమాలలో నవి హకారమునకు తరువాతివి. కావున ‘కవి’ కంటె ‘కళ’ ముందు వచ్చును. దీనికి ప్రతిక్రియ పైథాన్‌లోనే కలదు. రెండు పదముల ముందువెనుకలు నిర్ణయించు ప్రమేయమును మనమే వ్రాసి, క్రియేట్ కొలేషన్ అను పద్ధతిచే నమోదు చేయవచ్చును. అది ఫైలులో నిలువయుండదు గావున తెరచిన ప్రతిసారియు నమోదు చేయవలసినదే.

అరసున్న విషయము మరింత ప్రమాదకరము. ‘వాఁడు’, ‘వాడు’ అనునవి దీని దృష్టిలో వేరు పదములు. ఒక ముద్రణమున అరసున్న యుండి వేరొకదాన లేనిచో ప్రయోగసంఖ్య తప్పును; ఆ సంఖ్య నాధారముగా గొని కర్తృత్వ నిర్ణయమునకు పూనుకొన్నవాని వాదము కూలును. అట్లని అరసున్నను తీసివేయుటయు తగదు. ‘ఏడు’ సంఖ్య, ‘ఏఁడు’ సంవత్సరము గదా! మూలరూపమును యథాతథముగా నొక గడిలో నిలిపి, అరసున్న లేని రూపమునకు వేరొక గడి చేర్చుట యుక్తమని నా మతము. వెదకుటకు రెండవది, ఉదాహరించుటకు మొదటిది.

ఛందఃపరిశీలకులకు మరొక మాట. లెంగ్త్ అను ప్రమేయము ‘స్త్రీ’ అను నొక్క యక్షరమును ఆరుగా లెక్కించును: మూడు హల్లులు, రెండు పొల్లులు, గుడిదీర్ఘము. గణవిభజన కది పనికిరాదు. అక్షరవిభజనమును పైథాన్‌లో జరిపి, ఫలితమును మాత్రమే పట్టికలో చేర్చవలయును.