పసిబిడ్డతో నల్లమల ప్రయాణము

పసిబిడ్డ గల ఇంట ప్రయాణపు ప్రస్తావన వచ్చినపుడు పెద్దలు సాధారణముగా అను మాట ఒకటి కలదు: “పిల్లకు కాస్త ఊహ రానీయండి, తరువాత పోవచ్చును.” ఆ మాటలో ప్రేమ ఉన్నది, అనుభవమును ఉన్నది. దూరప్రయాణములో నీరు మారును, నిద్ర చెడును, తెలియని చోట బిడ్డకు నలత చేసినచో దిక్కు తోచదు. అయినను పిల్లలు పెరుగు వఱకు ఇల్లు కదలకుండుట ఈనాటి సంసారములకు అంత సులభము కాదు. మేము రెండేండ్లు నిండిన మా పాపతో అమ్రాబాదు అడవులకు పోయి, మూడు దినములుండి వచ్చితిమి. పసివారితో అట్టి చోటికి పోవునపుడు ఏవి చూడదగినవి, ఏవి మానదగినవి, దేనికి సిద్ధపడి యుండవలెను అను విషయములను ఇచట వివరింప తలచితిమి.

ముందుగా ఆ ప్రదేశమును గూర్చి నాలుగు మాటలు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు బాటలో సుమారు 140 కిలోమీటర్ల దూరమున మన్ననూరు కలదు. అమ్రాబాదు దానికి చేరువలోనే ఉన్నది. అచ్చంపేట మైదానము దాటి ఘాటు ఎక్కిన పిదప వచ్చు ఎత్తైన పీఠభూమి ఇది. దక్షిణమున ఈ పీఠభూమి నిట్టనిలువుగా కృష్ణానది లోయలోనికి దిగిపోవును. పూర్వము మహబూబునగరు జిల్లాలో ఉండిన ఈ భాగము 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరినది. 1978లో ఈ అడవులను అభయారణ్యముగా ప్రకటించిరి. 1983లో ఇవి పులుల సంరక్షణ పథకము క్రిందికి వచ్చినవి. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పులుల అభయారణ్యముగా వేరుపడినది. దీని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. ఇందలి ఫరహాబాదు నిజాము ప్రభువుల కాలమున వేట విడిది. ఆ పేరునకు ఉల్లాసపు తావు అని అర్థము.

పసివారికి ఈ అడవి అనువైన కాలము నవంబరు మొదలు ఫిబ్రవరి వఱకు. మార్చి దాటినచో ఆకు రాలి నీడ కరవగును, బండ వేడెక్కును. పెద్దవారి కంటె పసివారు వేగముగ వేడెక్కుదురు; ఏలయన శరీరపు బరువుతో పోల్చి చూచినచో వారి చర్మపు వైశాల్యము ఎక్కువ. దాహమని నోటితో చెప్పుటకు మాటలును చాలవు. వానకాలములో కొండవాగులు కనువిందు చేయును గాని, జూలై నుండి సెప్టెంబరు వఱకు అడవిలోని వాహన విహారమును నిలిపివేయుదురు. బాటలును జారును. శీతకాలపు రాత్రులలో మాత్రము హైదరాబాదు కంటె ఇచట చలి అధికము. కావున పగటికి నూలుబట్ట, రాత్రికి ఉన్నిబట్ట రెండును ఉండవలెను.

బయలుదేరు వేళ ముఖ్యము. మన్ననూరు తనిఖీ ద్వారము వద్ద రాత్రి తొమ్మిది మొదలు ఉదయము ఆరు వఱకు వాహనములను అడవిలోనికి విడువరు. రాత్రివేళ బాట దాటు జంతువులు వాహనముల క్రింద పడకుండుటకై ఈ కట్టుబాటు. చీకటితో బయలుదేరి, బిడ్డ నిద్రలో ఉండగనే సగము దూరము గడపి, ఎండ ముదరక మునుపే మన్ననూరు చేరుట మేలు. కారులో పోవువారు బిడ్డను ముందు సీటులో ఒడిలో ఉంచుకొనరాదు. వేగముగ పోవు బండి హఠాత్తుగా ఆగినపుడు ఎంతటి బలశాలియైనను చేతులతో బిడ్డను ఆపజాలడు. వెనుక సీటునకు పట్టీలతో బిగించిన పిల్లల కుర్చీయే భద్రమైనది.

ఘాటు మలుపులలో వాంతులు పట్టుకొనుట పలువురికి అనుభవమే. చెవిలోపల శరీరపు కదలికను కనిపెట్టు అవయవము ఒకటి కలదు. బండి తిరుగుచున్నదని అది మెదడునకు తెలుపుచుండగా, కారులోపలి వస్తువులనే చూచుచున్న కన్ను కదలిక లేదని తెలుపును. ఈ రెంటి పొత్తు కుదరకపోవుటయే వికారమునకు కారణము. రెండేండ్ల లోపు వారికి ఇది అరుదు. ఆ వయసు దాటిన పిదపనే మొదలగును. దూరపు కొండను, ఆకాశమును చూపుచుండుట, కిటికీ కొంచెము తీసి ఉంచుట, బయలుదేరుటకు ముందు పాలు కడుపునిండ పట్టక రెండు ఇడ్డెనలతో సరిపెట్టుట దీనికి మంచి ఉపాయములు. చేతిలో బొమ్మల పుస్తకము పెట్టుట మాత్రము వికారమును హెచ్చించును.

తిండి విషయమున ఇంటి అలవాటును వీలైనంత వఱకు చెడగొట్టరాదు. అన్నము, పెరుగు, అరటిపండు, మెత్తని పప్పు ఎచటనైనను దొరకును. పాలమూరు బాటలో రెండు తినుబండారములను గూర్చి మాత్రము హెచ్చరింపవలసి యున్నది. ఒకటి వేయించిన పల్లీలు. అయిదేండ్ల లోపు పిల్లలకు గింజ గింజగా పల్లీలు పెట్టరాదు. నవ్వుచు, ఏడ్చుచు నమలునపుడు గింజ ఊపిరిగొట్టములో పడు ప్రమాదము కలదు. రెండవది సీతాఫలము. బాలానగరు సీతాఫలమునకు దేశమంతట పేరున్నది. ఆ ఋతువులో బాట ప్రక్కన గంపలతో అమ్ముదురు. గింజలన్నియు తీసి, గుజ్జు మాత్రమే వ్రేలితో పెట్టవలెను. నీరు మరగకాచి చల్లార్చినదై యుండవలెను. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు ఈ అడవిలో నిషిద్ధములు గనుక, ఉక్కు సీసాలలో నీరు తీసికొని పోవుట ఆరోగ్యమునకును, నియమమునకును సరిపడును.

ఇక చూడదగినవి. పులిని చూపుదమని బిడ్డను ఆశపెట్టి తీసికొని పోరాదు. ఇంత విశాలమైన అడవిలో పులి కనబడుట అదృష్టము మీద ఆధారపడినది. అదియును గాక, రెండేండ్ల బిడ్డకు పులికిని ఉడుతకును వింతలో భేదము లేదు. మా పాప ఫరహాబాదు కొండకొన నుండి లోయను అరనిమిషమైనను చూడలేదు; కాలి దగ్గర పోవుచున్న గండుచీమల బారును మాత్రము చాలసేపు చూచినది. దుప్పులు, కొండముచ్చులు, నెమళ్ళు ఈ అడవిలో తరచుగా కనబడును. మనుష్యుల కంట పడనివి మఱికొన్ని కలవు. అందు మూషికజింక ఒకటి. పిల్లి యంతటి ఈ జింకను హైదరాబాదు జంతుప్రదర్శనశాలలో పెంచి, 2017లో ఈ అడవిలోనికి విడిచిరి. పిల్లలకు నిదురపుచ్చునపుడు చెప్పుటకు ఇంతకన్న చక్కని కథ లేదు.

అమ్రాబాదు పల్లెలలో తప్పక చూడవలసినవి ‘పొడ తూర్పు’ పశువులు. తెల్లని ఒంటిమీద గోధుమ, ఎఱుపు రంగుల పొడలు గల ఈ జాతి ఎద్దులు కొండనేల సేద్యమునకును, దూరపు నడకకును పేరుపొందినవి. వీనిని 2020లో ప్రత్యేకజాతిగా గుర్తించి నమోదు చేసిరి. లేగదూడను కాపరి పట్టుకొని నిలుపగా, మా పాప దాని ఒంటిమీది మచ్చలను ఒక్కొక్కటిగా తాకినది. ఇట్టి చోట అనుమతి అడిగి దూడ దగ్గరకు పోవలెను. తల్లియావు నడుమ నిలువరాదు.

కోతులకు తిండి వేయుట మనవారికి పుణ్యకార్యముగా తోచును. జపానులోని నారా పట్టణమున జింకలకు పెట్టుటకై ప్రత్యేకముగ అప్పచ్చులనే అమ్ముదురు. అచట ఆ జింకలు వందలయేండ్లుగా మనుష్యుల నడుమ మసలుచున్నవి. ఇచట అట్లు కాదు. తిండికి అలవాటుపడిన కోతి బాటమీదికి వచ్చి బండ్ల క్రింద పడును, లేదా బిడ్డ చేతిలోని పండుకొఱకు గోళ్ళతో రక్కును. కోతి కరచినను, రక్కినను గాయమును సబ్బుతో పావుగంట సేపు నీటిధార క్రింద కడిగి, పిచ్చికుక్కకాటు టీకా కొఱకు వెంటనే ఆసుపత్రికి పోవలెను.

తీర్థములలో పసివారికి అనువైనది ఉమామహేశ్వరము. శ్రీశైలమునకు ఉత్తరద్వారముగా చెప్పబడు ఈ క్షేత్రము అచ్చంపేటకు సమీపమున కొండచరియ క్రింద వెలసినది. బండ నుండి చినుకు చినుకుగా రాలు నీటిని బిడ్డ దోసిట పట్టి ఆనందించును. మల్లెలతీర్థమునకు మూడువందలకు పైగా మెట్లు దిగవలెను. దిగిన వన్నియు మరల బిడ్డను ఎత్తుకొని ఎక్కవలెను. ఇద్దరు పెద్దలున్నచో ఒకరి తరువాత ఒకరు పోయి వచ్చుట మంచిది. చైత్రపౌర్ణమి దినములలో జరుగు సలేశ్వరము జాతరకు మాత్రము పసిబిడ్డను తీసికొని పోరాదు. ఎండ, రాతిబాట, ఇరుకైన లోయ, జనసమ్మర్దము అన్నియు ఒక్కచోట కూడును.

మేము రెండవనాడు మల్లెలతీర్థము పోవ తలచితిమి గాని, ఉదయమే పాపకు మూడుమారులు నీళ్ళవిరేచనములైనవి. అందుచేత ఆనాటి ప్రయాణమును మానుకొని విడిదిలోనే ఉంటిమి. ఇట్టి వేళ చేయవలసినది తల్లిదండ్రులెల్లరు తెలిసికొని యుండవలెను. విరేచనములు ప్రాణాపాయమగుట నీరును, లవణములును శరీరము నుండి పోవుట వలన. వట్టినీరు త్రాగించిన చాలదు; ఉప్పును చక్కెరయు తగుపాళ్ళలో చేరినపుడే ప్రేగులు నీటిని చక్కగా పీల్చుకొనును. 1971లో బంగ్లాదేశ యుద్ధ శరణార్థులకు బనగాఁవ్ శిబిరములో కలరా సోకినపుడు, డాక్టరు దిలీప్ మహలనవీస్ ఈ ద్రావణమునే డ్రమ్ములలో కలిపి త్రాగించిరి. నూటికి ముప్పదికి చేరువగా ఉండిన మరణములు నూటికి నాలుగుకు లోబడినవి.

ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిమీద వ్రాసిన కొలత నీటిలో, సాధారణముగా ఒక లీటరులో, పూర్తిగా కలుపవలెను. సగము పొట్లము, సగము గ్లాసు అను అంచనాలు తగవు. విరేచనమైన ప్రతిసారియు రెండేండ్ల లోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు వారికి 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములు ఆగి మరల మొదలిడవలెను. కలిపిన నీరు 24 గంటలు దాటినచో పారబోయవలెను. తల్లిపాలను, అన్నమును మానిపింపరాదు. కన్నులు లోతుకు పోయినను, ఏడ్చినపుడు కన్నీరు రాకున్నను, ఆరు గంటలు మూత్రము కాకున్నను, బిడ్డ మగతగా పడియున్నను, విరేచనములో రక్తము కనబడినను వేచియుండక వైద్యుని వద్దకు పోవలెను. అడవిబాటలో చాల దూరము టెలిఫోను పలుకదు. కావున అచ్చంపేట ఆసుపత్రికి ఎంతసేపు పట్టునో ముందే లెక్క చూచుకొంటిమి. సాయంకాలమునకు పాప తేరుకొని పెరుగన్నము అడిగినది. ఆనాడు మేము చూచినది విడిది ముంగిటి చెట్లు మాత్రమే. అందుకు మాకు విచారము లేదు.

ఈ అడవికి అసలు ఇంటివారు చెంచులు. వారి చిన్నగూడెమునకు ‘పెంట’ అని పేరు. అప్పాపూరు పెంట, ఫరహాబాదు పెంట అట్టివే. శ్రీశైల మల్లికార్జునుడు తమ ఆడపడుచును పెండ్లాడిన అల్లుడని వారి నమ్మకము. అందుచే ఆయనను చెంచుమల్లయ్య అందురు. 1940లో హైమెన్‌డార్ఫ్ అను పండితుడు ఈ పెంటలలో నివసించి, 1943లో వారిని గూర్చి పెద్ద గ్రంథము ప్రకటించెను. మాకు పరిచయమైన చెంచు ఇల్లాలు మా పాపను చూచి, “బిడ్డ పేరేంది తల్లీ?” అని అడిగి, చంకకు ఎత్తుకొని ఆడించినది. అడుగక ఫోటోలు తీయుట, పిల్లలకు మిఠాయిలు విసరుట వంటి పనులు అతిథులకు తగవు. తేనె కొనదలచినచో తగిన వెల ఇచ్చి కొనవలెను. అయితే ఎంత మంచి తేనెయైనను ఏడాది నిండని బిడ్డకు నాకింపరాదు. అందుండు ఒకవిధమైన సూక్ష్మజీవి ఆ వయసు ప్రేగులలో విషము పుట్టించి, కండరములను చచ్చుపడవేయును. ఏడాది దాటిన వారికి ఆ భయము లేదు.

మేము మూడు దినములు వైద్యమునకు దూరముగా ఉన్నామని లెక్కలు వేసికొంటిమి. పెంటలలోని తల్లులకు ఆ దూరము ఏడాది పొడుగునను ఉండునదే. జ్వరముతో కాగుచున్న బిడ్డను ఎత్తుకొని బాట వఱకు నడచి, బండికై ఎదురుచూచు ఆ తల్లి కష్టము, మన బిడ్డతో అచట ఒక రాత్రి గడపినపుడు గాని తెలియదు. అడవి యందమును చూచి వచ్చిన వారు ఈ సంగతియును ఇంటికి తెచ్చుకొనవలెను.

తిరిగి వచ్చిన పిమ్మట చేయవలసిన పని ఒకటి మిగిలియున్నది. ఇల్లు చేరిననాడే బిడ్డకు తలంటి స్నానము చేయించి, చెవుల వెనుక, చంకలలో, గజ్జలలో పురుగుకాటు ఉన్నదేమో చూడవలెను. బట్టలను వేడినీట ఉతుకవలెను. పొదలలో కంటికి ఆనని పురుగుల వలన ‘స్క్రబ్ టైఫస్’ అను జ్వరము వచ్చుట కలదు. కుట్టినచోట కొన్నిమారులు నల్లని పెచ్చు కట్టును. దోమకాటు వలని మలేరియాయును వెంటనే బయటపడదు. కావున మూడు వారముల లోపల బిడ్డకు జ్వరము తగిలినచో, అడవికి పోయి వచ్చితిమని వైద్యునకు మొదటి మాటగా చెప్పవలెను. ఆ ఒక్క మాట పరీక్షను త్వరపెట్టును, సరియైన మందును సకాలమున అందించును.